రేకును ఊరడిగిన రోజులు

రోజు 6,731. నీళ్లకు ఇంకా 24 రోజులు.

ఇవాళ నాలుగు రేకుల్ని అచ్చులో పెట్టి పలకలుగా నొక్కాం. నాలుగూ చెడ్డాయి. చెడటానికైనా ఒక పద్ధతి ఉంటే ఊరుకునేదాన్ని. అదే అచ్చు, అదే ఒత్తిడి, అదే మందం రేకు. అయినా రెండు పలకలు కావలసినదానికంటే ఎక్కువ వంగి ముడుచుకున్నాయి, రెండు సరిగ్గా వంగక నోరు తెరిచాయి. పక్కపక్కన నిలబెడితే మధ్య సందులో నా నాలుగు వేళ్లు పట్టాయి. ఆ సందులోంచే అవతలివైపు ఖాసింవలి మొహం కనిపించింది. అతనూ వేళ్లు పెట్టి కొలుస్తున్నాడు.

"నా లెక్క సరిగ్గానే ఉండాదక్కా. నీ పరీక్షలోనే యాడో తేడా వచ్చింటాది," అన్నాడు.

మా ఊరు కెంపుదిబ్బ. ఇక్కడి పరీక్షశాలలో నా పని రేకుల్ని లాగి చూడటం. ఒక్కో రేకు నుంచి సన్నటి పీలిక కోసి, యంత్రంలో రెండు కొసలూ బిగించి, ఎంత బలానికి ఎంత సాగిందో రాస్తాను. ఖాసిం ఆ అంకెలతో కంప్యూటర్లో మోడల్ కడతాడు. అచ్చులో నొక్కితే రేకు ఎంత వంగుతుందో, వదిలేశాక ఎంత వెనక్కి లేస్తుందో ఆ మోడల్ చెప్పాలి. పదకొండేళ్లుగా మాకు రోజూ పోట్లాటే, పదకొండేళ్లుగా ఒకే బల్ల దగ్గర భోజనం కూడా.

ముప్పై పలకలు గుండ్రంగా నిలబెట్టి అతికిస్తే తొట్టి అవుతుంది. ఈ ఎర్రనేల మీద అదే మొదటి ఈత కొలను. ఉత్తరాన మంచు మోసుకొచ్చే బళ్లు బయల్దేరాయని నిన్ననే కబురొచ్చింది. అవి వచ్చేసరికి తొట్టి లేకపోతే నీళ్లన్నీ ఇటుకల బట్టీకి పోతాయి. అంత మంచు మళ్లీ రెండేళ్లకు గాని రాదు. ముప్పై నాలుగు రేకులుండేవి, ఇప్పుడు సరిగ్గా ముప్పై మిగిలాయి. ఇక ఒక్కటి చెడినా కొలను లేదు.

రోజు 6,732. నీళ్లకు 23 రోజులు.

పొద్దున్నే పోలమ్మత్త టిఫిను పట్టుకుని వచ్చింది. చెడిన పలకల చుట్టూ ఒకసారి తిరిగింది. ఆవిడకు డెబ్బై ఒకటి. వంటశాలలో రొట్టెలు చేస్తుంది. మమ్మల్ని భూమి నుంచి ఇక్కడికి తెచ్చిన ఓడ దిగిన మొదటి ఏడాది నుంచీ, ప్రతి ఊరి సభలోనూ "ఇంకేమైనా కావాలా" అని అడిగినప్పుడు ఒక్క చెయ్యి లేచేది. ఆ చెయ్యి పోలమ్మత్తది. "ఈతకి నీళ్లు," అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. పంతొమ్మిదేళ్లు ఇదే తంతు. నిరుడు మంచు పొర దొరికాక మాత్రం ఎవరూ నవ్వలేదు.

"ఈసారి కాకపోతే రెండేళ్లకు వస్తాయిలే అత్తా," అన్నాను నేను, ధైర్యం చెబుతున్నాననుకుని.

"రెండేల్లకి నా మోకాల్లు నాతో ఉంటాయేటే," అంది. ఆ మాటకు నాకు పొలమారింది.

ఊరి పెద్ద సుగుణాకర్ గారు కూడా వచ్చారు. వారం లోపల కారణం తేలకపోతే రేకుల్ని గోదాములో పెట్టెయ్యమన్నారు. చెడ్డ మనిషి కాదు. మూడు వందల పన్నెండు మందికి కూడూ గూడూ చూడాల్సిన మనిషి, అంతే.

రోజు 6,735. నీళ్లకు 20 రోజులు.

ఖాసింతో మూడు రోజుల పోట్లాట తర్వాత ఒక సంగతి తేలింది. అచ్చు అంచు దాటేటప్పుడు రేకు ఒకసారి వంగుతుంది, దాటాక మళ్లీ సాపవుతుంది. అంటే ముందు సాగిన వైపే తర్వాత కుదించుకుపోతుంది. నేనేమో ఇన్నేళ్లుగా రేకును లాగటమే గాని, లాగినదాన్ని తిరిగి నెట్టి చూసిన పాపాన పోలేదు.

"లాగితే గట్టిపడిన రేకు, నెట్టినా అంతే గట్టిగా ఉంటాదని పెట్టుకున్యానక్కా మోడల్లో," అన్నాడు ఖాసిం, తల గోక్కుంటూ.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ చెప్పలా. కాదని నువ్వూ చెప్పలా."

నిజమే. చెప్పటానికి నేను చూస్తే కదా. నెడదామని కూర్చుంటే రేకు సహకరించదు. మిల్లీమీటరు మందం పీలికను రెండు కొసల నుంచీ నెడితే కుదించుకోకుండా మధ్యలో విల్లులా వంగి కూర్చుంటుంది. పొద్దుటి నుంచి పదిహేడు పీలికలు అలా వంచి పారేశాను. చివరిదాన్ని కాలితో తన్నాను కూడా. బూటు చినిగింది.

రోజు 6,736. నీళ్లకు 19 రోజులు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదని పోలమ్మత్తే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏటే నాంచారీ, అన్నం మానీసి రేకుతో తగువేటి?"

చెప్పాను. పీలిక పక్కకు వంగకుండా రెండు వైపులా ఏదైనా నున్నటి బండ అదిమి పట్టుకోవాలి, కాని పీలిక లోపల జారుతూ కూడా ఉండాలి అని. ఆవిడ వంటశాలకు వెళ్లి, రొట్టెలొత్తే నల్లరాతి బండలు రెండు మోసుకొచ్చింది. పంతొమ్మిదేళ్ల పిండి రాపిడికి అవి అద్దంలా ఉన్నాయి.

"నువ్వుల నూనె కూడా తెచ్చినాను. గాని సంగతి వంటసాలోల్లకి సెప్పకు."

పీలికకు నూనె రాసి, రెండు బండల మధ్య పెట్టి, బిగించి, కొసలు మాత్రం బయటికి వదిలి, ముందు లాగాను, తర్వాత నెట్టాను. వంగలేదు. బుద్ధిగా కుదించుకుంది. లాగేటప్పుడు మూడు వందల దగ్గర ఉన్న బలం కొలిచే ముల్లు, నెట్టేటప్పుడు నూట తొంభైకే ఆగిపోయింది. రేకు అక్కడే లొంగిపోయింది. ఆ అంకె చూసి ఖాసిం ఎగిరి గంతేశాడు. ఇక్కడ బరువు తక్కువ కదా, తల పైకప్పుకు తగిలింది. నేను నవ్వాను. పోలమ్మత్త వచ్చే ఏడుపును ఆపుకుంటున్నట్టు నవ్వింది. ఆ పూట ఊరందరికీ రొట్టెలు లేవు, అన్నమే. ఎందుకని ఎవరో అడిగితే బండలు కడుగుతున్నానని చెప్పిందట.

రోజు 6,739. నీళ్లకు 16 రోజులు.

సంబరం మూడు రోజులే. ఖాసిం మోడల్ మార్చాడు. కొత్త మోడల్ కుదురుగానే ఉంది: ఒక వైపు లాగితే రెండో వైపు మెత్తబడుతుందని ఇప్పుడు దానికి తెలుసు. కాని చెడిన నాలుగు పలకల కొలతలిస్తే ఒక్కటీ కలవటం లేదు. రెండు అటు, రెండు ఇటు, ఆ తేడా అలాగే ఉంది.

"అక్కా, ఇది ఒక ప్రశ్న అడుగుతాండాది," అన్నాడు ఖాసిం, తెర వైపు చూస్తూ గొంతు తగ్గించి. "ఈ రేకు మన దగ్గరికి రాకముందు దానికి ఏం జరిగింది, అని."

ఇద్దరం తలుపు వైపు చూశాం.

ఈ డైరీ ఇంకెవరైనా చదివితే అర్థం కావటానికి రాస్తున్నాను. మా ఊళ్లో ఎవరినీ "మీదే ఊరు" అని అడగకూడదు. మొదటి ఏడాది వంటశాలలో పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అని మొదలైన గొడవ జిల్లాల దాకా పోయి, గరిటెలతో తలలు పగిలాయి. అప్పుడు సభ పెట్టి తీర్మానం చేశారు: ఇక్కడ దిగిన రోజే అందరి పుట్టినరోజు. ముందు సంగతి గాని, మానేసిన పాత పని గాని అడిగినా, చెప్పినా, మూడు రోజులు నాచు పెంచే తొట్లు కడగాలి. నోరు తెరవగానే యాసలో జిల్లా తెలిసిపోతూనే ఉంటుంది. తెలియనట్టు ఉండటమే మా మర్యాద. ఖాసిం ఏ తాలూకా వాడో పదకొండేళ్లుగా ఊహిస్తున్నాను గాని అడగలేదు.

ఆ అలవాటు మనుషుల దగ్గర ఆగలేదు. ఓడ నుంచి ఊడదీసిన ప్రతి రేకునూ సాపు చేసి, పాత అంకెలు గీకేసి, రెండు వైపులా మెరుగు పెట్టి, కొత్త నంబరు కొట్టి, కొబ్బరి లేదు గనక పంచదార పంచి గోదాములో పెట్టాం. మా పుస్తకాల్లో అన్ని రేకులూ కొత్తవే. అలాగని రేకుకెవరూ చెప్పలేదు.

రోజు 6,740. నీళ్లకు 15 రోజులు.

పోలమ్మత్త టిఫిను గిన్నెలు తీసుకెళ్లటానికి వచ్చింది. నేను, ఖాసిం మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం. ఆవిడ ముడుచుకున్న పలక మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరింది. తర్వాత తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"సెప్పీనా?" అంది.

"ఏంటత్తా?"

"ఈ ముప్పై నాలుగు రేకులూ ఓడ డొక్కవి. ఊడదీసింది నానే, రోలరులో పెట్టి సాపు సేసింది నానే. అప్పుడు నా పని అదే. గుండ్రంగా ఉండీవి. సాపు సేసినాక కూడా పాత వొంపేపు మెత్తగా ఉండీది, రెండో ఏపు మొండికేసీది. సేతికి తెలిసీది నాకు."

ఖాసిం కుర్చీలోంచి లేచాడు. వంగి ఉన్న రేకును సాపు చెయ్యటమంటే వెనక్కి వంచటమే. ఇప్పుడు పాత వంపు వైపే నొక్కితే మెత్తగా లొంగి ఎక్కువ వంగుతుంది. ఎదురు నొక్కితే మొండికేసి వెనక్కి లేస్తుంది. అచ్చులో రేకును ఏ వైపు పడితే ఆ వైపు పెట్టాం. అందుకే రెండు అటు, రెండు ఇటు.

"ఏ వైపు ఓడ బయటికి ఉండేదో గుర్తుందా అత్తా?"

"గీకీమన్నారు, గీకీసినాను. రెండేపులా అద్దంనాగ సేసీసినాను. ఇప్పుడు నాకూ తెలీదు," అంది. అని, తల దించుకుని, "ఆ రోజే సెప్పుంటే బాగుండును. తొట్లు కడగాలని బయ్యపడినాను," అంది.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో తలుపు తెరుచుకుంది. సుగుణాకర్ గారు వారం గడువు సంగతి అడగటానికి వచ్చి, బయటే నిలబడి అంతా విన్నారట.

"పోలమ్మ గారు, పాత పని ముచ్చట చెప్పిన్రు. నిబంధన నిబంధననే. మూడు దినాలు నాచు తొట్లు," అన్నారు.

"సర్లెండి," అంది పోలమ్మత్త.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "ఆవిడ చెప్పకపోతే ఈ రేకులు ఇంకో వందేళ్లు చెడగొట్టుకుంటూ కూర్చునేవాళ్లం. ఆవిడతో పాటు నేనూ కడుగుతాను. ముందు ఇది చెప్పండి, మనిషిని ఊరడగకూడదు సరే, రేకును అడగొచ్చా?"

ఆయన జేబులోంచి తీర్మానం కాగితం తీసి రెండుసార్లు చదివారు.

"రేకును అడగొద్దని ఏడ రాసి లేదు," అన్నారు. మీసం కింద నవ్వు నేను చూశాను.

రోజు 6,744. నీళ్లకు 11 రోజులు.

మూడు రోజులు నాచు తొట్లు కడిగి వచ్చాను. చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తొట్టిలోకి దిగి మోకాలి లోతు పచ్చ నీళ్లలో పోలమ్మత్త కాళ్లాడించుకుంటూ నిలబడింది, నేను రుద్దుతుంటే. ఆవిడకది శిక్షలా లేదు.

వచ్చేసరికి పరీక్షశాలలో జనం. ఖాసిం పని మొదలెట్టేశాడు. కొలిమిలో ఎర్రగా కాలిస్తే రేకు పాత సంగతులన్నీ మరిచిపోతుంది, కాని పన్నెండడుగుల రేకు పట్టే కొలిమి మాకు లేదు. కాబట్టి అడిగి తెలుసుకోవటమే. ప్రతి రేకు అంచు నుంచీ రెండు పీలికలు కోసి, ఒకదాన్ని ఈ ముఖం పైకి, రెండోదాన్ని ఆ ముఖం పైకి బల్ల అంచున బిగించి, కొసకు ఒకే బరువు వేలాడదీయాలి. ఎక్కువ వాలిన పీలికలో పైకి ఉన్న ముఖమే ఒకప్పుడు ఓడ బయటివైపు. ఆ ముఖం మీద సుద్దతో గుర్తు.

అరవై పీలికలు. మేమిద్దరమే అయితే వారం. ఊరంతా వచ్చింది గనక పూటలో అయింది. తోటపనివాళ్లు, గాలి యంత్రాల వాళ్లు, బడి పంతులమ్మ, అందరూ తలో పీలికా పట్టుకున్నారు. మొదట ఎవరన్నారో తెలియదు, పీలికకు బరువు తగిలిస్తూ, "ఏమ్మా, మీదే ఊరు?" అన్నారు. అందరూ సుగుణాకర్ గారి వైపు తిరిగారు. పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ మాట పైకి వినపడటం అదే. సుగుణాకర్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "రేకును గద అడిగింది," అన్నారు. అంతే, ఇక ప్రతి పీలికకూ అదే ప్రశ్న. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎంతమంది సంతానం, పొలమెంత. నవ్వలేక నా పక్కటెముకలు నొప్పెట్టాయి.

ఇరవై తొమ్మిది రేకులు జవాబు చెప్పాయి. ముప్పయ్యోది మాత్రం రెండు వైపులా ఒకేలా వాలింది. రెండుసార్లు చేసి చూశాం. అప్పుడు పోలమ్మత్త నెత్తి కొట్టుకుంది. డొక్క రేకు ఒకటి తక్కువైతే ఓడ నేల రేకు ఒకటి కలిపిందట. అది పుట్టినప్పటి నుంచి వంగి ఎరగదు.

రోజు 6,749. నీళ్లకు 6 రోజులు.

సుద్ద గుర్తు ఉన్న ముఖాలన్నీ తొట్టి బయటివైపుకు వచ్చేలా పెట్టి, ఇరవై తొమ్మిదీ నొక్కాం. మెత్తగా ఎక్కువ వంగుతాయని ముందే తెలుసు గనక, ఖాసిం మోడల్ చెప్పినంత మేర అచ్చు లోతు తగ్గించాం. మొదటి పలక బయటికి తీసినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఖాసిం కొలిచాడు.

"అర మిల్లీమీటరు తేడా అక్కా," అన్నాడు. నేను అతన్ని పట్టుకుని ఊపేశాను. నా పరీక్షకూ అతని లెక్కకూ మధ్య అంత దగ్గరితనం పదకొండేళ్లలో లేదు.

నేల రేకును ఆఖరికి మిగిల్చాం. దానికి లెక్క వేరు, అచ్చు లోతు వేరు. ఇది చెడితే ఇరవై తొమ్మిది పలకలూ గోడకు ఆనించుకోవలసిందే. ఖాసిం లెక్క మూడుసార్లు వేశాడు. నేను పీలికను మళ్లీ లాగి, నెట్టి, అంకెలు మళ్లీ ఇచ్చాను. రొట్టెల బండలు మళ్లీ తెచ్చాం, ఊళ్లో మళ్లీ అన్నమే. ప్రెస్సు మీట పోలమ్మత్త చేత నొక్కించాం. పలక లేచాక రెండు పక్కల పలకల మధ్య నిలబెడితే, సందులో నా గోరు కూడా దూరలేదు.

పోలమ్మత్త ఆ సందు మీద చెంప ఆనించి చూసింది. "గాలి కూడా రావట్లేదే," అంది.

రోజు 6,755. నీళ్లు.

మంచు బళ్లు పొద్దున్నే వచ్చాయి. కరిగించి, వడగట్టి, గోరువెచ్చగా తొట్టి నింపేసరికి మధ్యాహ్నమైంది. ముప్పై అతుకుల దగ్గరా ముప్పై మందిని కూర్చోబెట్టాను, తడి కనిపిస్తే అరవమని. ఒక్కరూ అరవలేదు.

పోలమ్మత్త చీర కుచ్చెళ్లు వెనక్కి దోపుకుని గట్టెక్కింది. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా దూకేసింది. నీళ్లు మనిషెత్తు మూడింతలు లేచి, నిదానంగా, పువ్వులు చల్లినట్టు మా మీద పడ్డాయి. ఇక్కడి నీళ్లు అలా పడతాయని మాకెవరికీ తెలియదు. చూసింది లేదు కదా. కాసేపు ఆవిడ కనిపించలేదు. అవతలి గట్టు దగ్గర తల తేలింది. మోకాళ్లు నొప్పని మెట్టెక్కటానికి గోడ పట్టుకునే మనిషి, వెల్లకిలా తిరిగి, చేతులు చాపి, ఏ బరువూ లేకుండా తేలుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవలసిన అవసరమూ కనిపించలేదు.

సుగుణాకర్ గారు గట్టు మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. జేబులో తీర్మానం కాగితం తడిసి ముద్దయింది.

"గింత మంచిగ ఈదుతున్నరు," అన్నారు. నీళ్ల వైపు వంగారు. "మీదే ఊరమ్మా?"

పోలమ్మత్త ఈదుకుంటూ వచ్చి గట్టు పట్టుకుంది.

"భీమిలి దాటినాక సముద్రం ఒడ్డునండి," అంది. "మాది పడవలోల్ల ఇల్లు. నడక రాకముందే నన్ను నీల్లల్లో పడీసినారు." ఇంకా చెప్పింది. వాళ్ల నాన్న పేరు, పడవ పేరు, ఏ నెలలో ఏ చేప పడేదో. సుగుణాకర్ గారు అంతా విని, తనది జగిత్యాల పక్కన పల్లె అన్నారు. ఎవరూ అడగకుండానే. అప్పుడు గట్టు చుట్టూ ఒకరినొకరు అడగటం మొదలైంది. పక్కపక్క గదుల్లో పంతొమ్మిదేళ్లు ఉన్నవాళ్లు పక్కపక్క ఊళ్లవాళ్లని తేలి కౌగిలించుకుంటున్నారు. పులుసులో బెల్లం గొడవ కూడా మళ్లీ మొదలైంది గాని, ఈసారి గరిటెలు లేవలేదు.

"మాది ప్రొద్దుటూరక్కా," అన్నాడు ఖాసిం.

"నాకు తెలుసు," అన్నాను. తెలియదు. కడప అనుకున్నాను, ఊరు తెలియదు.

పోలమ్మత్త నా కాలు పట్టుకుని లాగింది. "దిగవే. నేర్పుతాను. ముందు నీదే ఊరో సెప్పు."

నీళ్లలోకి దిగాను. పంతొమ్మిదేళ్లుగా తలలో కూడా అనుకోని పేరు. "రేపల్లె," అన్నాను. అన్నాక ఇక ఆగలేదు. రైలు స్టేషను, దాని వెనక మా ఇల్లు, ఇత్తడి బిందెలకు సొట్టలు తీసే మా నాన్న, ఆయన సుత్తి చప్పుడు, అన్నీ నీళ్లలో నిలబడే చెప్పేశాను. రేకుల పని నాకెక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లూ నేనే చెప్పుకోలేదు.

సాయంత్రం సుగుణాకర్ గారు గంట కొట్టి, సభలో మార్చేదాకా నిబంధన నిబంధననే అని గుర్తు చేశారు. అడిగినవాళ్లకూ చెప్పినవాళ్లకూ తలా మూడు రోజులు, ఆయనతో సహా. లెక్క చూస్తే మూడు వందల పన్నెండు మందీ తేలారు. నాచు తొట్లు ఆరే ఉన్నాయి. వంతులు వెయ్యమని ఖాసింకు చెప్పాను. మొదటి వంతు తనకే కావాలని పోలమ్మత్త చెయ్యెత్తింది.